వేలల్లో ఉత్తరాలు పంపే సంస్థలకు బహిరంగ లేఖ: సార్టింగ్ యంత్రం చదవలేని కవరు అచ్చువేస్తున్నది మీరే

బ్యాంకులు, బీమా కంపెనీలు, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ కార్యాలయాలు ఇలా ఒక్క విడతలో వేల కవర్లు పోస్టు చేసే సంస్థల బాధ్యులకు, వారి తరఫున అచ్చు పని చేసే ప్రింటర్లకు

నమస్కారం.

ఈ లేఖలోని సంగతులన్నీ ఇదివరకే కొన్ని కార్యాలయాలకు విడివిడిగా రాశాం. "మీ లేఖ అందింది" అన్న మెయిలు వచ్చింది. కవర్లు మాత్రం ఎప్పటిలాగే వస్తున్నాయి. అందుకే ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాం.

ఏటీఎం కార్డు రాలేదన్నా, పాలసీ కాగితం అందలేదన్నా మీ కౌంటర్లలో వినిపించే జవాబు ఒక్కటే: "మేం పంపించేశాం, పోస్టాఫీసులో అడగండి." పోస్టాఫీసు తప్పు ఉన్న సందర్భాలు లేవని మేం అనడం లేదు. కానీ దారితప్పే కవర్లలో చాలావాటికి ఆ రాత మీ ప్రింటింగ్ టేబుల్ మీదే పడుతోంది. ఎలాగో చెప్పాలంటే ముందు యంత్రం కవరును ఎలా చూస్తుందో చెప్పాలి.

సార్టింగ్ యంత్రం గుట్టలోంచి ఒక్కో కవరును గాలి పీల్పుతోనో, బెల్టు రాపిడితోనో విడదీసి, రెండు బెల్టుల మధ్య నిలువుగా ఇరికించి పరుగెత్తిస్తుంది. ఢిల్లీ, కోల్‌కతాల్లోని ఆటోమేటెడ్ కేంద్రాల్లో ఉన్న తరహా యంత్రం గంటకు 30 వేల పైచిలుకు ఉత్తరాలు లాగుతుంది, అంటే సెకనుకు ఎనిమిదో తొమ్మిదో. ఒక్కో కవరుకు కెమెరా తీసేది ఒకే ఫొటో. అందులో చిరునామా ఏ మూల ఉందో యంత్రం వెతుక్కోవాలి, చివరి పంక్తి పట్టుకోవాలి, ఆరంకెలు చదవాలి, ఊరి పేరు ఆ పిన్‌కు సరిపోతుందో లేదో పట్టికలో చూడాలి, ఏ అరలో పడేయాలో తేల్చాలి. తేలకపోతే ఆ ఫొటో ఒక మనిషి ముందున్న తెర మీదికి వెళుతుంది. ఆయన చదివి కొడతాడు. ఆయనకూ అర్థం కాకపోతే కవరు తిరస్కార అరలో పడి, చేతి సార్టింగ్‌కు వెళుతుంది. లక్ష కవర్ల విడతలో నూటికి మూడు ఇలా పోయినా మూడు వేల ఇళ్లకు ఉత్తరం ఆలస్యం.

తిరస్కార అరలో పడిన కవరైనా నయమే, కనీసం దాన్ని ఒక మనిషి చూస్తాడు. యంత్రం ధీమాగా తప్పు చదివిన కవరు సంగతే అసలు ప్రమాదం. దాన్ని ఎవరూ చూడరు, అది నేరుగా వేరే ఊరి సంచిలోకి వెళ్లిపోతుంది.

చేతిరాత చిరునామాలు చదివే పద్ధతిని అమెరికా తపాలా శాఖ 1990లలోనే వాడకంలోకి తెచ్చింది. బఫెలో విశ్వవిద్యాలయంలో సర్గూర్ శ్రీహరి బృందం చేసిన పని దానికి ఆధారం. గొలుసుకట్టు రాతను చదవగలిగిన విద్య, శుభ్రంగా కంప్యూటర్లో అచ్చువేసిన మీ కవరు దగ్గర బోల్తా పడుతోందంటే కారణాలు ఇవి:

1. కవరు ముందువైపు అడుగున మీ రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే, చాలా తేలిగ్గా సరిదిద్దగలిగేదీ ఇదే. గ్రహీత చిరునామా కవరుకు కుడివైపు, కింది భాగంలో ఉంటుందని యంత్రానికి నేర్పారు. అంతర్జాతీయ తపాలా సమితి నిబంధన ప్రకారం ఆ చోటు పై అంచు నుంచి కనీసం 40 మి.మీ. కింద, కుడి అంచు నుంచి, అడుగు అంచు నుంచి 15 మి.మీ. లోపలికి ఉండాలి. మీ డిజైనర్ అందం కోసం అడుగున ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక రంగు పట్టీ వేసి, అందులో రిజిస్టర్డ్ ఆఫీసు పేరు, ఊరు, పిన్‌కోడ్ అచ్చేస్తాడు. యంత్రానికి అదే అట్టడుగు పంక్తి. అందులో ఆరంకెల పిన్ స్పష్టంగా ఉంది, ఊరి పేరు దానికి సరిగ్గా సరిపోతోంది. ఇంకేం కావాలి? ఖమ్మం వెళ్లాల్సిన కవరు ముంబయి సంచిలో పడుతుంది. అక్కడ ఎవరో చూసి వెనక్కి తోస్తే, మళ్లీ యంత్రం మీదికెక్కి మళ్లీ ముంబయి చేరుతుంది. గానుగెద్దు తిరిగినట్టు తిరుగుతుంది.

పరిష్కారానికి పైసా ఖర్చు లేదు. పంపినవారి చిరునామా కవరు వెనక మడత మీద గానీ, ముందువైపు పైన ఎడమ మూల చిన్న అక్షరాల్లో గానీ ఉండాలి. గ్రహీత చిరునామాకు కిందా, కుడివైపునా ఒక్క అక్షరం కూడా ఉండకూడదు. "మీ సేవలో మేము" లాంటి నినాదాలకూ ఇదే వర్తిస్తుంది.

2. కిటికీ కవరు (లోపలి కాగితం మీది చిరునామా కనబడేట్టు ముందువైపు కోసి, పారదర్శక పొర అంటించినది).

ఏ4 కాగితాన్ని మూడు మడతలు పెడితే 210 × 99 మి.మీ. మీరు వాడే పొడుగు కవరు 220 × 110. అంటే లోపల కాగితం అటూ ఇటూ, పైకీ కిందికీ దాదాపు 10 మి.మీ. జారుతుంది. బెల్టు మీద పరుగులో అది తప్పకుండా జారుతుంది. కిటికీ అచ్చంగా చిరునామా అంతే ఉంటే జారినప్పుడు పిన్‌కోడ్ కవరు చాటున దాక్కుంటుంది. లేదా పైనున్న ఖాతా నంబరు కిటికీలోకి దిగుతుంది. దాని చివరి ఆరంకెలనే యంత్రం పిన్ అనుకున్నా ఆశ్చర్యం లేదు.

పరీక్ష సులువు. నింపిన కవరును బల్ల మీద ఎడమ అంచు ఆనించి తట్టండి, తర్వాత కుడి అంచు, తర్వాత అడుగు, తర్వాత పై అంచు. ప్రతిసారీ చిరునామా మొత్తం కనబడాలి, కిటికీ అంచుకూ అక్షరాలకూ మధ్య 3 మి.మీ. ఖాళీ మిగలాలి. కిటికీకి అంటించే పొర మెరవకూడదు. దీపం వెలుగు మెరుపై తగిలిన చోట కెమెరాకు తెల్లమచ్చ తప్ప ఇంకేమీ కనిపించదు. ఫిల్ము ముడతపడినా అంతే.

3. ఎక్సెల్ మింగేసిన డోర్ నంబర్లు.

తెలుగువాళ్లకు ప్రత్యేకమైన శాపం ఇది. మన పట్టణాల్లో ఇంటి నంబరు 3-5-12 లాగా ఉంటుంది. వార్డు, బ్లాకు, ఇల్లు. డేటా ఫైలును డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిచిన మరుక్షణం అది 2012 మే 3 అయిపోతుంది. కవరు మీద 03-05-2012 అని అచ్చవుతుంది. ఆ కంప్యూటరులో తేదీ అమర్పు అమెరికా పద్ధతిలో ఉంటే మార్చి 5 అవుతుంది, దాన్ని మన పద్ధతిలో అచ్చువేస్తే వార్డు బ్లాకు తలకిందులవుతాయి. తర్వాత ఆ వరుసను టెక్స్ట్‌గా మార్చినా ప్రయోజనం లేదు: 41032 అన్న అంకె మిగులుతుంది. 2012 మే 3కి ఎక్సెల్ లోపల పెట్టుకున్న లెక్క అది.

ఈ తప్పు ఇన్నేళ్లు ఎవరి కంటా పడకపోవడానికి కారణముంది. 3-5-784ని ఎక్సెల్ ముట్టుకోదు, 784వ సంవత్సరం దాని క్యాలెండరులో లేదు. 3-5-12/ఏ జోలికీ పోదు. రెండో అంకె 12 దాటినా చాలాసార్లు వదిలేస్తుంది. అంచేత నమూనాకు పది చిరునామాలు తీసి చూస్తే అన్నీ బాగానే కనిపించవచ్చు. దెబ్బ తినేది చిన్న నంబర్ల ఇళ్లు, అంటే చాలా ఊళ్లలో పాతపేటలు. (మన పిన్‌కోడ్‌లు సున్నాతో మొదలుకావు కాబట్టి అక్కడ బతికిపోయాం. లేకపోతే వాటి ముందు సున్నాలూ ఎగిరిపోయేవి.)

చేయాల్సింది: ఫైలును నేరుగా తెరవకుండా ఇంపోర్ట్ పద్ధతిలో తీసుకుని, చిరునామా వరుసలన్నిటికీ ముందే 'టెక్స్ట్' అని చెప్పాలి. అచ్చుకు ముందు ఇంటి నంబరు గడిలో రెండంకెలు, గీత, రెండంకెలు, గీత, నాలుగంకెల రూపంలో ఏమున్నాయో వెతకాలి. దొరికిన ప్రతిదాన్నీ అసలు దరఖాస్తుతో పోల్చాలి.

అదే ఫైలులో ఇంకో జబ్బు, గడికి ముప్పయ్యో నలభయ్యో అక్షరాల హద్దు. "ఆంజనేయస్వామి గుడి ఎదురుగా, పాత బస్టాండు వెనక" అన్నది గడి నింపేస్తుంది, ఊరి పేరు తెగి పడిపోతుంది. దేశంలో సుమారు 19 వేల పిన్‌కోడ్‌లు ఉంటే, పోస్టాఫీసులు లక్షా అరవై వేలకు పైమాటే. అంటే సగటున ఒక్కో పిన్ కింద ఎనిమిది పోస్టాఫీసులు. యంత్రం పిన్ వరకే తేలుస్తుంది. ఆ తర్వాత పల్లెకు చేరాలంటే ఊరి పేరు, బ్రాంచి పోస్టాఫీసు పేరు ఉండి తీరాలి. గుడి గుర్తు తెగినా ఫరవాలేదు, ఊరు తెగకూడదు.

4. తారుమారైన పిన్.

1972 ఆగస్టు 15న శ్రీరామ్ భికాజీ వేలంకర్ రూపకల్పనతో వచ్చిన పిన్‌కోడ్ గొప్ప ఏర్పాటే. ఒకే పేరున్న ఊళ్ల చిక్కు, లిపుల చిక్కు ఆరంకెలతో తీర్చింది. కానీ అందులో తప్పును తనంతట తాను పట్టించే అంకె లేదు. ఒంగోలు 523001, శ్రీకాకుళం 532001. విశాఖపట్నం 530001, నిజామాబాద్ 503001. రెండంకెలు అటూ ఇటూ అయితే చాలు, దొరికేది చెల్లని నంబరు కాదు, నిక్షేపంలాంటి ఇంకో ఊరు. 517తో మొదలయ్యే తిరుపతి, చిత్తూరు వైపు ఉత్తరం 571 అయితే కర్ణాటకలో మైసూరు, మండ్య వైపు పోతుంది.

స్పీడ్ పోస్టు నంబరు అలా కాదు. రెండక్షరాలు, ఎనిమిదంకెలు, ఒక తనిఖీ అంకె, చివర దేశం గుర్తు. ఎనిమిదంకెలను వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో హెచ్చవేసి కూడి, 11తో భాగించి, శేషాన్ని 11లోంచి తీసేస్తే తనిఖీ అంకె వస్తుంది (10 వస్తే 0, 11 వస్తే 5 వేస్తారు). 12345678కి మొత్తం 204, శేషం 6, తనిఖీ అంకె 5. ఎవరైనా 12346578 అని కొడితే మొత్తం 202 అవుతుంది, రావాల్సిన అంకె 7. అక్కడ 5 ఉంది కాబట్టి తప్పని వెంటనే తెలిసిపోతుంది. పిన్‌కు ఈ కాపలా లేదు. 2025లో తపాలా శాఖ తెచ్చిన, ప్రతి చోటుకూ ఒక గుర్తు ఇచ్చే పదక్షరాల డిజిపిన్‌కూ లేదు. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి చేసిన ఆ గుర్తులో 0, 1 అంకెలను, వాటిలా కనిపించే అక్షరాలను తీసేయడం తెలివైన పని. అయినా అందులో వాడే అక్షరాల్లో ఒకదానికి బదులు ఇంకోటి కొడితే అది మరో చోటును చూపిస్తుందే తప్ప అభ్యంతరం చెప్పదు.

కాబట్టి పిన్‌కు కాపలా ఊరి పేరే. రెండూ పొసగకపోతే యంత్రం ఆగి మనిషిని అడుగుతుంది. మీ వెబ్ ఫారాలు ఈ ఒక్క కాపలానూ చెడగొడుతున్నాయి. పిన్ కొట్టగానే ఊరు, జిల్లా వాటంతటవే నిండిపోతాయి. పిన్ తప్పయితే ఊరూ తప్పే, రెండూ చక్కగా పొసుగుతాయి, యంత్రానికి అనుమానమే రాదు. ఊరిని దరఖాస్తుదారు చేతనే రాయించి, పిన్‌తో మీరు పోల్చండి. ఆ పిన్ కింద ఉన్న పోస్టాఫీసుల జాబితా చూపించి ఒకటి ఎంచుకోమనండి. దేశం మొత్తం పిన్‌ల పట్టికను ప్రభుత్వ డేటా పోర్టల్‌లో ఉచితంగానే ఇస్తున్నారు.

5. బార్‌కోడ్ లేబుళ్లు.

2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయాక, లెక్కలోకి వచ్చే ప్రతి కవరుకూ బార్‌కోడే ప్రాణం. మామూలు లేబుల్ ప్రింటరు మి.మీ.కు 8 చుక్కలు వేస్తుంది. సన్న గీత రెండు చుక్కలు (0.25 మి.మీ.) గానీ మూడు చుక్కలు (0.375) గానీ ఉండాలి. 13 అక్షరాల నంబరును కోడ్ 128 అనే బార్‌కోడ్ పద్ధతిలో ఒకే అక్షరాల సెట్‌తో రాస్తే 178 సన్న గీతల వెడల్పు. మూడు చుక్కలైతే 67 మి.మీ., రెండు వైపులా పదేసి గీతల ఖాళీ కలిపితే 74. లేబుల్‌లో అంత చోటు లేదని బొమ్మను 93 శాతానికి కుదించేవాళ్లున్నారు. మూడు చుక్కలు 2.79 చుక్కలవుతాయి. ప్రింటరు ఒక గీతకు మూడు, ఇంకో గీతకు రెండు వేస్తుంది, కోడు చెడుతుంది. కుదించకండి. రెండు చుక్కలకు మార్చండి, ఖాళీతో కలిపి 50 మి.మీ.లో సరిపోతుంది.

గీతలు కాగితం కదిలే దిశకు అడ్డంగా, నిచ్చెన మెట్లలా పడేట్టు లేబుల్ తిప్పండి. ప్రింటరు తలలో ఒక చుక్క కాలిపోతే వచ్చే తెల్లచార అప్పుడు ప్రతి గీతనూ ఒక చోట మాత్రమే కోస్తుంది, స్కానరు పక్కనుంచి చదువుకుంటుంది. కంచె కర్రల్లా పెడితే అదే చార ఒక గీతను నిలువునా మాయం చేస్తుంది. థర్మల్ లేబుల్ మీద సెల్లోటేపు అంటించకండి, కొద్ది రోజుల్లో అచ్చు వెలిసిపోతుంది. ఎరుపు రంగులో బార్‌కోడ్ వేయకండి, ఎర్ర కాంతితో చదివే స్కానరుకు అది తెల్లకాగితమే.

6. కవరులో ఏం పెడుతున్నారు, కవరు ఏ రంగు.

స్టేప్లర్ పిన్ను, జెమ్ క్లిప్పు, బహుమతి పెన్ను: బెల్టులో ఇరికేవి ఇవే, ఇరికినప్పుడు వెనకున్న పది కవర్లనూ చింపేవి ఇవే. ప్లాస్టిక్ కార్డును కాగితానికి గట్టిగా అంటించండి. వదులుగా ఉంటే ఓ మూలకు జారి, మలుపు దగ్గర కవరు చీల్చుకుని బయటపడుతుంది. మందం 5 మి.మీ. దాటనివ్వకండి. ఖాకీ రంగు కవరు మీద నీలం సిరా కంటికి కనిపిస్తుంది గానీ కెమెరాకు మసక. తెల్ల లేబుల్ మీద నల్ల అచ్చు, 10 నుంచి 12 పాయింట్ల అక్షరం, ఏటవాలు ఫాంటు వద్దు, పిన్ కింద గీత వద్దు.

7. తెలుగు చిరునామాలు, పాత జిల్లాలు.

పల్లెలో పోస్ట్‌మ్యాన్‌కు తెలుగే సుఖం, కాబట్టి తెలుగులో అచ్చువేయడం మానమని మేం అనం. పేరు, ఊరు తెలుగులో పెట్టి, కింద పట్టణం పేరు ఇంగ్లీషులో, పిన్ మామూలు అంకెల్లో వేయండి. పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చని డేటా ప్రశ్నార్థకాలుగా, వత్తులు ఊడిన అక్షరాలుగా అచ్చవుతోంది, దాన్ని ఏ దేవుడూ చదవలేడు. 2014లో రాష్ట్రం విడిపోయింది. తెలంగాణలో జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 26 అయ్యాయి. మీ ఫైళ్లలో మాత్రం 50తో మొదలయ్యే తెలంగాణ పిన్ పక్కన ఇంకా "ఆంధ్రప్రదేశ్" అనే ఉంది.

ఇక ఈ తప్పుల ఖరీదు ఎవరు కడుతున్నారో చూడండి. కవరు ఖర్చులో మీకు మిగిలేది పైసలు. కార్డు తిరుగుటపాలో వస్తే ధ్వంసం చేసి, కొత్తదానికి ఖాతాదారు నుంచే రుసుము తీసుకునేవారున్నారు. ఇంటర్వ్యూ పిలుపు మర్నాడు అందితే ఆ ఏడాది పోయినట్టే. అన్నిటికన్నా దారుణం నోటీసుల సంగతి. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం సరైన చిరునామాతో, రుసుము చెల్లించి రిజిస్టర్డ్ పోస్టులో పంపితే, మామూలుగా చేరాల్సిన వేళకు అందినట్టే లెక్క. అందలేదని చూపించుకోవాల్సింది గ్రహీతే. చెక్కు బౌన్సు నోటీసు అందాక డబ్బు కట్టడానికి గడువు పదిహేను రోజులే. శ్రీకాకుళం వెళ్లి "ఈ పేరుగలవారు లేరు" అన్న ముద్రతో మీ దగ్గరికి తిరిగొచ్చిన కవరు సంగతి ఒంగోలులోని రైతుకు ఎలా తెలుస్తుంది? చట్టంలోని "సరైన చిరునామా" అన్న మాటకు బాధ్యత మీదే.

కాబట్టి మేం కోరుతున్నవి:

అ) ప్రతి విడతకూ ముందు రెండు వందల కవర్లు తీసి తట్టుడు పరీక్ష, బార్‌కోడ్ స్కాన్ చేయించండి. ఫలితం రాసి ఉంచండి.

ఆ) వచ్చే మూడు నెలల్లో కవరు అడుగు పట్టీలోని చిరునామా తీసేయండి. నిల్వ ఉన్న పాత కవర్ల మీద ఆ పట్టీ కనబడకుండా తెల్ల స్టిక్కరు వేయించండి.

ఇ) తిరిగొచ్చిన ప్రతి కవరునూ తెరిచి, కారణాన్ని డేటాలో ఎక్కించండి. సరిదిద్దకుండా అదే చిరునామాకు రెండోసారి పంపడం ఆపండి. తిరుగుటపా సంచులు గోదాములో మూలుగుతుంటే ఈ జాగ్రత్తలన్నీ వృథా.

ఈ) పోస్టు చేసిన రోజే గ్రహీత ఫోనుకు ట్రాకింగ్ నంబరు పంపండి, తిరిగొస్తే ఆ సంగతీ పంపండి. తిరిగొచ్చిన నోటీసు ఆధారంగా జరిమానా, కోత, వేలం ఏదీ మొదలుపెట్టవద్దు. ముందు చిరునామా సరిచూడండి.

ఉ) ప్రింటరుతో ఒప్పందంలో కవరుకు ఇంత అని కాకుండా, యంత్రం చదవగలిగిన కవరుకు ఇంత అని రాయండి. అప్పుడు ఎక్సెల్ జాగ్రత్తలు వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటారు.

ఊ) మీ తప్పు వల్ల తిరిగొచ్చిన కార్డుకు మళ్లీ రుసుము వసూలు చేయవద్దు.

తపాలా శాఖకు ఒక్క విన్నపం. పెద్దఎత్తున పంపే ప్రతి సంస్థకూ విడత వారీగా ఎన్ని కవర్లు తిరస్కార అరలో పడ్డాయో, ఏ కారణంతో పడ్డాయో తెలియజేయండి. ముందే వరస చేసి తెచ్చేవారికి అమెరికా తపాలా 1976లోనే రాయితీ మొదలుపెట్టింది, తర్వాత బార్‌కోడ్ వేసేవారికీ ఇచ్చింది. ఇక్కడా రాయితీని తూకానికే కాకుండా చదవగలిగే కవరుకు కూడా ముడిపెట్టండి.

ఏయే అంశాలు అమలు చేస్తారో, ఎప్పటిలోగా చేస్తారో మీ వెబ్‌సైట్లలో బహిరంగంగా ప్రకటించండి. "మీ లేఖ అందింది" అన్న మెయిలు ఇంకోటి మాకు అక్కర్లేదు.

ఇట్లు,
కవర్లు, బార్‌కోడ్‌లు, సార్టింగ్ పని ఎరిగిన కొందరు